తగ్గని నీళ్ళు

నీళ్ళు తగ్గి ఉంటే నేను అంతగా పట్టించుకునేవాడిని కాను. మే నెలలో భద్రాచలంలో ఏ పాత్రలోని నీరైనా తరుగుతుంది. దానికి ఎవరినీ నిలదీయనక్కరలేదు. ఆ జాడీలో మాత్రం నీరు తగ్గలేదు. నా అనుమానం అక్కడే మొదలైంది.

అది 2006 వేసవి. నేను సారపాకలో కాగితపు మిల్లు ప్రయోగశాలలో నీటి పరీక్షలు చూసేవాడిని. బాయిలరులోకి వెళ్ళే నీరు, ఆవిరై తిరిగి చేరే నీరు, యంత్రాలను చల్లార్చే నీరు, వీటి గుణాన్ని పూటపూటా కొలిచి రాయడమే ఉద్యోగం. ఈ ఉద్యోగం మనిషికి ఒక అలవాటును అంటగడుతుంది. ఎవరు గ్లాసు చేతికిచ్చినా తాగేముందు వెలుతురుకు ఎత్తి చూస్తాము. పెళ్ళి విందులలో నేనలా చూస్తుంటే పక్క విస్తరి వాళ్ళు కూడా తాగడం మానేస్తారని నా భార్య ఫిర్యాదు.

గోదావరి వంతెన దాటితే భద్రాచలం. అక్కడ నా బావమరిది, అంటే నా భార్య తమ్ముడు, ఇంటి ముందు గదిలో పెళ్ళి వీడియోల మిక్సింగ్ సెంటర్ నడిపేవాడు. వెనక గదిలో అతని తల్లి, అంటే మా అత్తమ్మ. రెండు గదుల మధ్య ఒక పూల తెర. అత్తమ్మ ములకలపల్లి వైపు పల్లెలో పుట్టి పెరిగిన పాతకాలపు మనిషి. అల్లుడి ఎదుట నిలబడడం, అల్లుడితో నేరుగా మాట్లాడడం ఆమెకు తెలియదు. నేను ముందు గదిలోకి వస్తే ఆమె తెర వెనక్కు తప్పుకునేది. నాకు చెప్పవలసినదంతా కొడుకుకు చెబుతున్నట్టు గట్టిగా చెప్పేది. "మీ బావకు మజ్జిగ పొయ్యాల్నా, చాయ్ పెట్టాల్నా అడుగురా" అన్న మాట నాకు స్పష్టంగా వినపడేది, నా జవాబు ఆమెకు స్పష్టంగా వినపడేది, అయినా మధ్యలో బావమరిది రెండు వైపులా ఆ మాటను మోసేవాడు. పెళ్ళయిన నాటి నుంచి ఇదే వరుస. అందులో ఎవరికీ లోటు కనిపించలేదు.

బావమరిదికి ఉన్నది ఒకటే కంప్యూటరు. కెమెరా క్యాసెట్లను అందులోకి ఎక్కించి, కత్తిరించి, పాటలు కలిపి, సీడీలుగా మార్చాలి. ఒక్కొక్క పెళ్ళికి ఆ యంత్రం పగలంతా ఊపిరి సలపకుండా నడవాలి. ముహూర్తాలన్నీ ఎండాకాలంలోనే ఉంటాయి. ముందటి ఏడు మే నెలలో ఆ వేడికి కంప్యూటరు మాడిపోయింది. దానితో పాటు ఏన్కూరు మండలంలోని ఒక రైతు పెద్దకూతురి పెళ్ళి కూడా పోయింది. ఆ క్యాసెట్ల మీదే అప్పటికి ఇంకొక పెళ్ళి చిత్రీకరించడం అయిపోయింది. అందరూ చేసే పనే. బావమరిది ఆ రైతు ఇంటికి వెళ్ళి వాకిట్లో నిలబడి జరిగింది చెప్పాడు. ఆయన కోప్పడలేదు. మజ్జిగ ఇప్పించి, పెళ్ళి మళ్ళీ చేయలేము కదా అని మాత్రం అన్నాడట. తిట్టి ఉంటే బాగుండేదని బావమరిది చాలాసార్లు అన్నాడు.

ఈ ఏడు అదే రైతు రెండో కూతురి పెళ్ళిని కూడా అతనికే అప్పగించాడు. దయతో ఇచ్చాడా, పరీక్షకు ఇచ్చాడా అన్నది మాకు తేలలేదు.

"ఇదొక్కటి సక్కగ చేసి ఇయ్యకపోతే, బావా, నేను కెమెరా అమ్ముకొని మీ మిల్లు గేటు కాడ కాంట్రాక్టు కూలీలల్ల నిలబడ్డట్టే" అన్నాడు.

ఆ భయంలోంచే నీళ్ళతో చల్లబరిచే కంప్యూటరు ఆలోచన పుట్టింది. ఖమ్మంలో ఇంటర్నెట్ సెంటరులో ఎక్కడెక్కడి బొమ్మలో చూసి వచ్చాడు. ప్రాసెసరు మీద కూర్చోవడానికి లోపల గాడులు తీసిన ఒక రాగి దిమ్మె, పాత కారు హీటరులోంచి తీసిన చిన్న రేడియేటరు, చేపల తొట్టి మోటారు, మేస్త్రీలు మట్టం చూసే పారదర్శకపు గొట్టం, పైన నీరు పోయడానికి ఒక తెల్లటి ప్లాస్టిక్ జాడీ. రాగి దిమ్మెను సారపాకలోనే లేతు మీద చేయించాడు. కరెంటు ఉన్నచోట నీళ్ళేమిటని నేను అడిగితే, లారీ ఇంజనులో నిప్పు ఉన్నచోట నీళ్ళు లేవా అని అతను నన్నే అడిగాడు.

నేను ముందుగా ఆ రేడియేటరును అనుమానించాను. రాగి, అల్యూమినియం ఒకే నీటిలో ఉంటే అల్యూమినియం కరిగిపోతుంది. బొట్టుబొట్టుగా కారడానికి ఎక్కువకాలం పట్టదు. అది ఇత్తడిదేనని బావమరిది చెప్పాడు. నేను బ్లేడుతో గీకాను. పసుపు మెరిసింది.

"నన్ను గూడ నమ్మవా బావా?"

"నిన్ను నమ్ముతాను. పాత సామాను అమ్మినవాడిని నమ్మను" అన్నాను. ఆ మాటలో మొదటి సగం ఎంత నిజమో తరువాత తేలింది.

ఇక మిగిలింది నీరు, నీటిలో కలిపే మందు. ఆ నిర్ణయం నాది. బావమరిది చేతులు జోడించి మరీ నాకు వదిలేశాడు. ఏప్రిల్ నెలంతా నాకు అదే పని.

బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ అని అమ్మే డబ్బా ఒకటి కొన్నాను. సిల్వర్ నైట్రేటు ఒక చుక్క వేస్తే నీటిలో ఉప్పు జాడ ఉందో లేదో తేలిపోతుంది. ఉంటే తెల్లగా మబ్బు పడుతుంది. ఆ డబ్బా నీటిలో బియ్యం కడిగినంత మబ్బు పడింది. అది బోరు నీరు, మీద చీటీ మాత్రం కొత్తది. మా పై అధికారిని అడిగి, ఆవిరి చల్లారి చేరిన నీరు ఒక ఐదు లీటర్ల క్యాను తెచ్చుకున్నాను. దానిలో చుక్క వేస్తే చుక్క కనబడకుండా పోయింది. నీటి విషయం అలా తీరింది.

మందుల విషయంలో అంత సులువు కాలేదు. లారీ సామాన్ల షాపులో, ఇంజనును చల్లబరిచే పచ్చటి కూలెంటు డబ్బాలు రెండు తెచ్చాను. రెండింటి మీదా ఒకే పేరు ఉంది, లోపలి పచ్చదనాలు మాత్రం రెండు రకాలు. షాపతనిని అడిగితే, పచ్చగ ఉంటే సాలు సార్, ఇంజనుకు అదే బలం అన్నాడు. అప్పుడే నాకు ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది: రంగు సరుకుకు గుణం కాదు, అమ్మకానికి గుణం. బావమరిది హైదరాబాదు నుంచి ఒక నీలి సీసా తెప్పించాడు. చీకట్లో మెరుస్తుందట. మెరిసే పదార్థం రాగికి ఏం చేస్తుందో దానిమీద ఎక్కడా రాయలేదు కనుక దానిని పక్కన పెట్టాను. ఒక చుక్క షాంపూ వేస్తే నీరు గాడుల్లోకి బాగా పారుతుందని అతను ఎక్కడో చదివాడు. నురగ వస్తే మోటారు గాలి తాగుతుందని వద్దన్నాను. ఎదురింటి ఫోటో స్టూడియో ఆయన రోజూ పొద్దున పేపరు చదవడానికి వచ్చేవాడు. ఒక రాగి పైసా వేయండి, పాచి పట్టదు, మా నాయనమ్మ కుండలో వేసేది అని ఉచిత సలహా ఇచ్చాడు. వృత్తిలో పోటీదారు ఇచ్చిన సలహా కాబట్టి దానిని రెండుసార్లు అనుమానించాను.

చివరికి నేను ఎంచుకున్నది సోడియం బెంజోయేటు. పచ్చళ్ళు చెడకుండా వేసే తెల్లటి పొడి ఇదే. తగు పాళ్ళలో కలిపితే లోహాన్ని కూడా కాపాడుతుంది. లీటరుకు పదిహేను గ్రాములు. మొత్తం పట్టే నీరు లీటరున్నర, కనుక ఇరవై రెండున్నర గ్రాములు. రంగు లేదు, వాసన లేదు, ఆడంబరం లేదు. జాడీలో పోస్తే అచ్చం మంచినీళ్ళలా ఉంది. ఇంత నిరాడంబరమైన పదార్థం మోసం చేయదని నాకు తృప్తి కలిగింది.

భద్రాచలం తీసుకువెళ్ళే ముందు మా క్వార్టరులో వారం రోజులు ఆ గొట్టాలన్నిటినీ నడిపి చూశాను. ఎక్కడా కారలేదు. జాడీ మూతకు గాలి కోసం పెట్టిన చిల్లు గుండా వారానికి నాలుగు మిల్లీమీటర్లు తగ్గింది. జాడీ మీద మార్కరుతో గీత గీసి, గీతకు దిగువన వారానికి ఎంత తగ్గాలో గుర్తులు పెట్టాను. నీరు బాగా తగ్గితే పోసుకోమని మిగిలిన క్యాను మూతకు సీలు వేసి బావమరిదికి అప్పగించాను. ఇంకే నీరూ పోయవద్దని చెప్పాను. ఈ మాట చెప్పినప్పుడు తెర వెనక గిన్నెల చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆ మాట అటు వైపు వారికి కూడా చెప్పాలని మా ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

కంప్యూటరును బావమరిది గుమ్మానికి ఎదురుగా బల్ల మీద పెట్టాడు. వచ్చేవాళ్ళంతా చూసి ముచ్చటపడాలని అతని ఆశ. గొట్టాలలో నీరు పారుతుంటే పెళ్ళివారి పిల్లలు నోరు తెరుచుకుని నిలబడేవారు.

మొదటి ఆదివారం వెళ్ళి చూశాను. నీరు గీత మీదే ఉంది. నాలుగు మిల్లీమీటర్లు తగ్గవలసింది. సరే, మూత బిగుతుగా ఉందేమో అనుకున్నాను. ప్రాసెసరు వేడి కంప్యూటరు తెర మీద యాభై రెండు డిగ్రీలు చూపిస్తోంది. బాగుంది.

రెండో ఆదివారం నీరు గీతకు కొంచెం పైన ఉంది.

నీరు తగ్గడానికి వంద కారణాలుంటాయి. పెరగడానికి ఒకటే కారణం: ఎవరో పోశారు. బావమరిదిని అడిగాను. పోయలేదన్నాడు. నేనిచ్చిన క్యాను చూశాను. దాని సీలు సీలుగానే ఉంది. తగ్గనే లేదు, ఎందుకు పొయ్యాలె అని అతను ఎదురు ప్రశ్న వేశాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అందుకే నాకు మరింత అనుమానం వచ్చింది.

మూడో ఆదివారానికి జాడీ గోడకు లోపల సన్నటి తెల్లపొర కట్టింది. అడుగున చిన్న ఆకుపచ్చటి నలుసు ఒకటి తిరుగుతోంది. వేడి యాభై ఎనిమిది. నేను చిన్న సీసాలో నమూనా పట్టుకుని, పనిలో పనిగా వాళ్ళ వంటింటి కుళాయిలో వచ్చే బోరు నీరు కూడా మరో సీసాలో అడిగి పట్టించుకుని వెళ్ళాను. సోమవారం ప్రయోగశాలలో రెండింటిలోనూ చుక్క వేశాను. రెండూ తెల్లబడ్డాయి. ఒకటి చిక్కగా, ఒకటి పలుచగా. కానీ ఇద్దరూ ఒకే ఇంటివారని తెలిసిపోయింది. నేను పోసిన నీటిలో ఆ మబ్బు రావడానికి వీల్లేదు. ఉప్పు చేరిన నీటిలో బెంజోయేటు పనిచేయదు. పైగా బోరు నీటి సున్నం రాగి గాడులలో గడ్డకడుతుంది. గాడులు మూసుకుపోతే నీరు పారదు. అప్పుడు ముందటి ఏడు జరిగినదే మళ్ళీ జరుగుతుంది.

అప్పటికి ఏన్కూరు రైతు రెండో కూతురి పెళ్ళి అయిపోయింది. క్యాసెట్లన్నీ కంప్యూటరులోకి ఎక్కాయి. నెలాఖరులోగా సీడీలు ఇవ్వాలి.

నీరు మార్చి వదిలేయవచ్చు కదా అని నా భార్య అడిగింది. కారణం తెలియకుండా నీరు మార్చడమంటే జ్వరమెందుకొచ్చిందో తెలియకుండా దుప్పటి మార్చడమే అన్నాను. నిజానికి నాకు కారణం తెలుసుననే అనుకున్నాను. ఎదురింటి ఫోటో స్టూడియో ఆయనను రెండు రోజులు అనుమానించి వదిలేశాను. ఆయన పేపరు చదివేది గుమ్మం బయట అరుగు మీద. మిగిలింది బావమరిది. ఎక్కడో గొట్టం వదులై కొంత నీరు కారి ఉంటుంది. నాకు చెప్పడానికి మొహం చెల్లక కుళాయి నీళ్ళతో నింపి ఉంటాడు. క్యాను సీలు తీస్తే నాకు తెలిసిపోతుందని దానిని ముట్టుకోలేదు. అన్నీ ఒక వరుసలో అతికినట్టు కుదిరాయి. అంత బాగా కుదిరినందుకైనా నేను సందేహించవలసింది.

నాలుగో ఆదివారం మధ్యాహ్నం. వేడి అరవై మూడు. నీరు నిండా అంచుదాకా ఉంది, ఒక్క చుక్క వెలితి లేకుండా. భోజనానికి లేవకముందే నేను అనేశాను.

"నువ్వు బోరు నీళ్ళు పోశావు."

"పొయ్యలేదని చెప్తున్న కద బావా."

"ఎక్కడ కారిందో చెప్పు. కోప్పడను. పోయిన నీటి గురించి అబద్ధం చెప్పవచ్చు. వచ్చిన నీటి గురించి చెప్పలేవు."

అతను మౌస్ పక్కకు నెట్టాడు. తరువాత చిన్నగా నవ్వాడు; ఆ నవ్వు నాకు నచ్చలేదు.

"బావా, నువ్వు పెళ్ళిల నీళ్ళ గ్లాసు ఎత్తి చూస్తుంటే మేమంత నవ్వుకుంటం. ఇయ్యాల నన్ను గట్లనే ఎత్తి చూస్తున్నవు. ఇగ గీ డబ్బా, గీ గొట్టాలు నువ్వే తీసుకపో. నేను పాత ఫ్యాన్లు పెట్టుకొని సగం సగం చేసుకుంట. కాలితే కాలనియ్యి. ఏన్కూరుకు మళ్ళ పోయి నిలబడుత. నాకు అలవాటే."

మోటారు స్విచ్ మీద వేలు పెట్టాడు. పూల తెర కదిలింది.

"దాన్ని ఆపకు. పోసింది నేను."

ఆ గొంతు కొడుకుతో మాట్లాడే గొంతు కాదు. అత్తమ్మ తెర పక్కకు తీసి, కొంగు తలమీదికి లాక్కుని, గడప మీద నిలబడి ఉంది. నా వైపు చూడకుండా, కానీ నాతోనే అంది:

"రోజు పొద్దున్నే నేనే పోస్తున్న. పెండ్లోళ్ళు వచ్చే తావు ఇది. లగ్గం పెట్టుకున్నోళ్ళు గుమ్మంల అడుగు పెట్టంగనే ఎదురుంగ వెలితి కుండ కనపడితే మంచిదా? పోయినేడు గా పిల్ల పెండ్లి బొమ్మ ఏ అపశకునం లేకుంట ఊకెనే పోయిందా?"

ఏ నీళ్ళు పోస్తున్నారని అడిగాను. ఆమెను నేను నేరుగా ఏదైనా అడగడం అదే మొదటిసారి.

"దేవుని కాడ పెట్టిన చెంబుల నీళ్ళు. శుద్ధమైనయే."

"తులసాకు వేస్తారా అందులో?"

"వెయ్యకుంట ఎట్ల?"

ఆకుపచ్చ నలుసు లెక్క తేలింది. బావమరిది తల పట్టుకున్నాడు.

"అమ్మా, రోజు కంప్యూటరుకు తీర్థం పోస్తున్నవా?"

"నీళ్ళ లెక్కనే ఉన్నయి, నీళ్ళనే అనుకున్న" అంది ఆమె, ఈసారి నా వైపు తిరిగి. "మందు నీళ్ళని ఒక్కలన్న చెప్పిండ్రా? గా పచ్చ డబ్బాలది పోసి ఉంటే నేను దాని దాపుకు పోయేదాన్నా?"

మేమెవరమూ చెప్పలేదు. అయినా అలవాటు పోలేదు. దేవుడి చెంబులో మిగిలిన నీరు అడిగి తెప్పించుకుని, జేబులో తెచ్చుకున్న సిల్వర్ నైట్రేటు సీసా నుంచి ఒక చుక్క వేశాను. తెల్లబడింది. అత్తమ్మ ఆ మబ్బు వైపు చూసి, ఏదో అపచారం జరిగినట్టు చెంబు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం ఇద్దరమూ కలిసి నీరంతా వంపేశాము. రాగి దిమ్మె విప్పితే గాడులలో సగం దాకా సుద్దలాంటి తెల్లని పూత పట్టి ఉంది. వెనిగర్‌లో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో గీకాము. బావమరిది నాతో అవసరమైన మాటలే మాట్లాడాడు. స్పానర్ ఇయ్యి, గొట్టం పట్టుకో. పోశావని అన్నందుకు నేను క్షమాపణ అడగలేదు, అతను ఎదురుచూడలేదు. బ్రష్ చేతులు మారుతూ పోయింది.

మళ్ళీ ఏ మందు పోయాలన్న ప్రశ్న వచ్చింది. నేను వద్దని అక్కడే వదిలేసిన ఆ రెండు పచ్చ డబ్బాలు మంచం కింద అలాగే పడి ఉన్నాయి. రెండింటినీ నేను ఏప్రిల్‌లోనే కొలిచి, మరిగించి చూశాను. అందులో ఒకటి చీటీ మీద రాసినదానికి దగ్గరగానే ఉంది. దానిని కాదన్నది దాని రంగు కోసమే. ఇప్పుడు దాన్నే తీసుకున్నది కూడా దాని రంగు కోసమే. గది నిండా ఎండలో వచ్చిన మనుషులు, ఎదురుగా మంచినీళ్ళలా కనబడే ఒక జాడీ. ఎవరైనా దాహానికి ఒక గుక్క తాగి ఉంటే ఏమయ్యేదన్న సంగతి నెల రోజులలో నాకొక్కసారి కూడా తట్టలేదు. కూలెంటు తాగితే విషం; అది చూడగానే విషంలా కనబడుతుంది. సగం కూలెంటు, సగం నా క్యాను నీరు కలిపి పోశాము. మూతను తీగతో కట్టేశాను. గొట్టాలన్నీ పచ్చగా వెలిగాయి. నాకు ఆ అందం మీద ఈనాటికీ నమ్మకం లేదు.

మర్నాడు సెలవు పెట్టి ఆ కంప్యూటరు ముందే కూర్చున్నాను. సాయంత్రానికి పని పూర్తయింది. వేడి యాభై నాలుగు దాటలేదు. ఆ వారంలోనే బావమరిది సీడీలు తీసుకుని ఏన్కూరు వెళ్ళాడు. రైతు టీవీ ముందు నిలబడే చూడడం మొదలుపెట్టాడట, సీడీ ఆడుతుందో లేదోనని. అప్పగింతల దగ్గర కూర్చున్నాడట. తరువాత వెనక్కు తిప్పించి, ఒకచోట ఆపమని, అది మళ్ళీ వేయమన్నాడట. చెల్లెలి పెళ్ళిలో తలంబ్రాల పళ్ళెం పట్టుకుని పెద్దకూతురు నడిచి వస్తున్న ముక్క అది. తన పెళ్ళినాటి పట్టుచీరే కట్టుకుందట. ఆ ముక్క మూడుసార్లు చూసి, ఇది విడిగా ఇంకొక సీడీలో వేసి ఇస్తావా అని అడిగాడట. బావమరిది ఈ సంగతి నాకు చెబుతూ, మధ్యలో లేచి వెళ్ళి జాడీ మూత సరిచూసి వచ్చాడు. అది సరిగానే ఉంది.

తరువాత నేను వెళ్ళిన ఆదివారం జాడీ మీద ఎర్రటి రవిక గుడ్డ ఒకటి కప్పి ఉంది. అత్తమ్మ కప్పిందట. పచ్చనీళ్ళను ముట్టుకోను, కానీ వెలితి మాత్రం పెండ్లోళ్ళ కంట పడొద్దు అని కొడుకుకు చెప్పిందట. ఆమె మళ్ళీ తెర వెనక్కు వెళ్ళిపోయింది; ఆ తరువాత నాతో నేరుగా మాట్లాడిన సందర్భం లేదు. ఒక్క మార్పు మాత్రం వచ్చింది. నేను భోజనానికి కూర్చుంటే నా గ్లాసు తెర వెనక నుంచే ముందుగా ఒకసారి వెలుతురులోకి ఎత్తబడి, ఆ తరువాత బావమరిది చేతికి వచ్చేది. అది మర్యాదో, వెక్కిరింతో నేను తేల్చుకోలేకపోయాను.

ఆ గుడ్డను నేను ప్రతి ఆదివారం ఎత్తి చూసేవాడిని. ఇంట్లో అందరినీ నమ్ముతూనే చూసేవాడిని. మొదటిసారి ఎత్తి చూసిన ఆ రోజు మార్కరు గీత దగ్గర వేలు పెట్టి కొలిచాను. నాలుగు మిల్లీమీటర్లు తగ్గింది. గుడ్డ మళ్ళీ కప్పి, భోజనానికి లేచాను.